పదిహేడో నంబరు మంచం

మొదటి రోజు రూముల ఏం లేకుండె.
"షాహీన్" అని పిలిస్తే
నా గొంతే నాలుగు గోడలు తిరిగి నాకే వచ్చింది.
సామాను లేని ఇంట్ల
మాట కూసునేటందుకు సుత జాగ ఉండదు.

నల్లగొండ రామగిరిల, మూడో అంతస్తు మీద, రేకుల రూము.
దసరా సెలవులల్ల నేను పత్తి ఏరిన కూలి,
షాహీన్ వాళ్ల ఖాలా పిడికిట్ల కుక్కిన నోట్లు,
అన్నీ కలిపితే ఆరు వేల రెండు వందలు.
అడ్వాన్సుకే సగం పోయింది.
మిగిలిన సగాన్ని నోటుబుక్కు ఎనక పేజీల రాసుకొని
మెట్లు దిగి బజారు మీద పడ్డం.

పాతినుప దుకాణంల సైదులు
మంచాన్ని కాంటా మీద పెట్టిండు.
ఇరవై రెండు కిలోలు. కిలో ముప్పై ఎనిమిది.
నిద్రకు గింత బరువుంటదని నాకేం తెలుసు.
ఎనిమిది వందల ముప్పై ఆరుల
ఆ ముప్పై ఆరు ఇడిసిపెట్టిండు, సదువుకునే పిల్లలని.
ఆటోల ఎక్కిస్తుంటే చూసిన,
తలకాడ పట్టీ మీద తెల్ల పెయింటుతోని: 17.

సర్కారు దవాఖాన మంచం.

ఎవరు పండిన్రో దీని మీద,
లేచిన్రో, లేపుకొని పోయిన్రో.
షాహీన్‌ది స్టాటిస్టిక్స్.
"లేచి నడుసుకుంట ఇంటికి పోయినోళ్లే ఎక్కువుంటరే,
లెక్కేసి చూడు" అన్నది
సర్ఫు నీళ్ల బట్టతోని మంచం కోళ్లు రుద్దుకుంట.
ఆ లెక్క మీదనే నేను పండుకుంటున్న.

ఒక్కటే మంచం. పరీక్ష ఎవరికుంటే వాళ్లది.
రెండో ఆమెకు నేల, నేల మీద
ఎవరో లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ.
నవ్వే మొఖం కిందికి తిప్పి పరిచినం.

ఫ్యాను దేవరకొండ రోడ్డు మెకానిక్ దగ్గర దొరికింది.
రెండు రెక్కలు తెల్లవి, ఒకటి ఏ ఫ్యానుదో, పచ్చది.
తిరిగినంతసేపు అందరి ఫ్యాను లెక్కనే.
కరెంటు పోతెనే
అది మా ఫ్యాను.

టమాట డబ్బాలు రెండు, వాటి మీద పాత తలుపు చెక్క:
బల్ల అన్నట్టు.
దానికి గొళ్లెం ఇంకా ఉన్నది.
లెక్క తెగనప్పుడు గొళ్లెం పెడ్త, తీస్త,
అటు దిక్కు ఎవరో ఉన్నట్టు.

కిటికీకి పరదా గట్టుప్పల్ ఉమాదేవి తెచ్చింది.
వాళ్ల నాయిన మగ్గం మీద చిటికి జరిగిన ముక్క.
పువ్వు సగం ఇటు, సగం అటు.
సేటు వద్దన్నడట.
పొద్దటి ఎండ వద్దనలే.

అన్నిటికి బేరమాడినం.
బకెట్టుకు, బల్బుకు, విజిల్ లేని కుక్కరుకు.
నీళ్ల క్యానుకు మాత్రం ఆడలే.
మర్రిగూడ దిక్కు పిల్లను నేను.
నీళ్ల ముచ్చట నా పళ్లను అడగాలె.

ఆఖరికి తాళం. నూట అరవై.
కొననీకి పోయిన వాటిల్ల కొత్తగ కొన్నది అదొక్కటే,
అదొక్కటే షాహీన్ బేరం ఆడనియ్యలే.
మా ఇంట్ల తలుపుకు తాడు, కుక్క రాకుంట.
హాస్టల్ల పన్నెండు మందికి ఒక బీరువా,
దాని చెవి వార్డెన్ నడుముకు.
అట్ట చింపితే
రెండు తాళంచెవులు రాలినయి అరచేతుల.

కింది నుంచి ఓనరు అత్త ఎక్కొచ్చి చెయ్యి చాపింది.
"ఒకటి నా దగ్గర ఉండనియ్యి బిడ్డా, మంచికి చెడ్డకు."
షాహీన్ పిడికిలి మూసింది.
"ఒక్కటే వచ్చిందత్తా" అన్న నేను.
ఆ రూముల నేనాడిన మొదటి అబద్ధం.
గొంతు వణుకలే.
గోడలు సుత తిరిగి అనలే.

రాత్రి లైటు తీసినంక యాదికొచ్చింది.
"ఓయ్, చీపురు కొన్నమా?"
పదిహేడో నంబరు మీద నుంచి
గురక తప్ప జవాబు లేదు.
ఎనక పేజీల ఇంకా
నలభై మూడు రూపాయలున్నయి.